తూకానికి పోకూడని బ్యూక్

నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారికి రెండు పక్కలా ఉన్న ఊళ్లలో పొద్దెక్కేసరికి పాత ఇనుము కొనేవాళ్ల ఆటోలు తిరగడం మొదలవుతుంది. పాడైన కూలర్లు, విరిగిన కుర్చీలు, కాలిపోయిన బోరు మోటార్లు ఏవైనా సరే కొంటామని మైకులో గొంతు వినిపిస్తుంటుంది. పెద్దింటి వెనక షెడ్డులో, చిరిగిన టార్పాలిన్ కింద పొడుగాటి బానెట్ కనబడితే ఆటో అక్కడ ఆగిపోతుంది. ఆ మీదట బేరం ఇట్లా నడుస్తుంది.

“పటేలా, ఆ డొక్కు బండి ఇచ్చేస్తరా? తూకం ఏసుకొని రేపే పైసలిస్త.”

“మా తాత తెచ్చిన బండి అది. తూకానికి ఎట్ల ఇస్తనయ్యా?”

“ఇంకెవలు కొంటరు పటేలా? హుడ్డు ఎలుకలు కొట్టినయి, లోపలికెళ్లి నేల కనబడుతుంది. నడిచే బండా అది?”

తాత పోయాడు. వారసుల్లో ఒకరు దుబాయ్‌లో, ఇంకొకరు డాలస్‌లో. ఇల్లు పంచుకోవాలి, షెడ్డున్న జాగా చదును చేయాలి. ఇక్కడ విమానాశ్రయం వస్తుందన్న మాట మొదలైనప్పటి నుంచి ఈ మండలంలో జాగా మీద అందరి చూపూ పడింది. ఆ తొందరలో చాలా ఇళ్లలో మొదట బయటికి పోయేది షెడ్డులోని సామానే.

1940ల నాటి పెద్ద అమెరికన్ ఓపెన్ టాప్ కారు దాదాపు 1,800 కిలోలు తూగుతుంది. పాత ఇనుము ధర కడితే వచ్చే డబ్బుతో ఓ మోస్తరు సెకండ్ హ్యాండ్ మోటార్ సైకిల్ వస్తుంది, అంతే. అదే కారు కాగితాలతో, నంబర్లతో, ఊడిన ముక్కలన్నిటితో సహా సరైన మనిషి చేతికి పోతే ఆ లెక్కే వేరు. ఈ రెండు బేరాల మధ్య తేడా తెలియక పోగొట్టుకున్న కార్లు తెలంగాణలో తక్కువేమీ కాదు. నిజాం గ్యారేజీ కూడా దీనికి మినహాయింపు కాలేదు.

అరవై కార్లు, నడిచేవి నాలుగు

1967లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కన్నుమూశాక ఆయన మనవడు ముకర్రం జా గద్దెనెక్కాడు. ఆయన చేతికొచ్చిన ఆస్తిలో అప్పులు, కోర్టు కేసులు, వేలమంది నౌకర్లతో పాటు ఒక గ్యారేజీ కూడా ఉంది. చరిత్రకారుడు విలియం డాల్రింపుల్ రాసిన లెక్క ప్రకారం అందులో కార్లు 60, వాటిలో నడిచే స్థితిలో ఉన్నవి 4. మిగిలిన వాటి పేరు మీద కూడా పెట్రోలు ఖర్చు, విడిభాగాల ఖర్చు ఏటా రాస్తూనే ఉన్నారు. పట్టాభిషేకం నాడు కొత్త నిజాంను తీసుకుపోవాల్సిన కారే దారిలో ఆగిపోయింది.

ముకర్రం జాకు కార్లంటే ప్రాణం. చేతులకు గ్రీజు అంటించుకుని ఇంజిన్ విప్పి బిగించే మనిషి. ఆస్ట్రేలియాలో పెద్ద గొర్రెల ఎస్టేటు కొనుక్కుని అక్కడ బుల్‌డోజర్లు కూడా నడిపాడు. అంతటివాడికే ఆ గ్యారేజీని నిలబెట్టడం సాధ్యం కాలేదు. 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో ఆయన కన్నుమూసేనాటికి తాతల నాటి కార్లలో మనం కళ్లారా చూడగలిగేవి కొన్నే మిగిలాయి.

ఆ మిగిలినవాటిలో కొన్ని హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్నాయి. అక్కడికి పోయినవాళ్లంతా ముందు పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ దగ్గర గుమిగూడతారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చి, అది ఊరికి చేరకముందే పోయాడు. వెనక సీటును సింహాసనంలా కట్టించిన ఆ కారు తన జీవితంలో తిరిగింది నాలుగు వందల మైళ్ల లోపే. అది అద్భుతమే, కాదనను. కానీ నిజామాబాద్ నుంచి పోయేవాళ్లు అక్కడే ఉన్న 1947 నాటి బ్యూక్ కన్వర్టిబుల్ ముందు ఇంకాస్త ఎక్కువసేపు నిలబడాలని నా కోరిక. రోల్స్ రాయిస్ రాజు కోసం ప్రత్యేకంగా కట్టిన కారు. బ్యూక్ అట్లా కాదు, డబ్బున్న డాక్టరు, వకీలు, గుత్తేదారు, జాగీర్దారు ఎవరైనా కొనుక్కుని తనే నడుపుకున్న కారు. మన షెడ్లలో టార్పాలిన్ కింద ఏదైనా మిగిలి ఉంటే ఆ జాతిదే అయి ఉంటుంది.

స్నానపు తొట్టి నుంచి ఎనిమిది సిలిండర్ల దాకా

బ్యూక్ అన్నది ఒక మనిషి ఇంటిపేరు. డేవిడ్ డన్‌బార్ బ్యూక్ 1854లో స్కాట్లండ్‌లో పుట్టి, పసితనంలోనే తల్లిదండ్రులతో అమెరికా చేరాడు. డెట్రాయిట్‌లో కుళాయిలు, స్నానపు తొట్ల వ్యాపారం చేశాడు. పోత ఇనుప తొట్టి మీద తెల్లటి ఎనామిల్ పట్టి ఉండేలా చేసే పద్ధతితో మంచి డబ్బు గడించాడు. ఆ వ్యాపారం అమ్మేసి ఇంజిన్ల పిచ్చిలో పడి, 1903లో బ్యూక్ మోటార్ కంపెనీ పెట్టాడు. వాల్వులను సిలిండర్ నెత్తిన అమర్చిన ఇంజిన్ ఆ కంపెనీ పేరు నిలబెట్టింది. అయితే వ్యాపారం ఆయన చేతిలో నిలవలేదు. గుర్రపు బగ్గీలు అమ్మి కోటీశ్వరుడైన విలియం డ్యురాంట్ కంపెనీని తీసుకుని, దాని పునాది మీదే 1908లో జనరల్ మోటార్స్ కట్టాడు. డేవిడ్ బ్యూక్ వాటా వదులుకుని బయటికొచ్చాడు. 1929లో ఆయన చనిపోయేనాటికి డెట్రాయిట్‌లో ఒక పనుల బడిలో చిన్న కొలువు చేసుకుంటున్నాడు. లక్షల కార్ల మీద పేరున్న మనిషి చివరి రోజుల్లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయాడు. తన సొత్తును ఎప్పుడు, ఎవరికి, ఎంతకు వదులుకోవాలన్నది ఈ కారు పుట్టుకలోనే ఉన్న తగాదా.

మన చౌమహల్లా బండి జాతిపేరు బ్యూక్ సూపర్. 1940లో ఆ పేరుతో మొదటి కారు వచ్చింది. కింద చవక రకం స్పెషల్, పైన ఖరీదైన రోడ్‌మాస్టర్, నడుమ సూపర్. బానెట్ ఎత్తితే వరసగా ఎనిమిది సిలిండర్లు కనిపిస్తాయి. వీ ఆకారంలో కాదు, ఒకే గీత మీద, అందుకే ముక్కు అంత పొడుగు. సుమారు 4 లీటర్ల ఇంజిన్, 110 హార్స్ పవర్. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి 124 అంగుళాలు, అంటే పది అడుగులు దాటి. నాలుగు చక్రాలకూ కాయిల్ స్ప్రింగులు. అప్పటి మన కంకర రోడ్ల మీద కమాన్ పట్టీల కార్లు ఒళ్లు హూనం చేస్తుంటే బ్యూక్ ఎక్కినవాళ్లకు నడుము నొప్పి తెలిసేది కాదు. మా జిల్లా పెద్దమనుషులు దాన్ని మెచ్చింది మొదట ఇందుకే ఉంటుందని నా నమ్మకం.

రూపం దిద్దినవాడు హార్లీ ఎర్ల్. జనరల్ మోటార్స్ డిజైన్ విభాగానికి పెద్ద. 1938లో బ్యూక్ షాసీ మీద వై-జాబ్ అనే నమూనా కారు కట్టించి తనే నడుపుకు తిరిగాడు. హెడ్‌లైట్లు రెప్ప వేసుకునేవి, హుడ్డు, అంటే మడిచే కప్పు, మోటారుతో ముడుచుకుని వెనక మూత కిందికి పోయేది. ఆ నమూనాలోని నడక 1942 బ్యూక్‌లో దిగింది. ముందు మడ్‌గార్డు అక్కడికక్కడ తెగిపోకుండా తలుపు మీదుగా జారుతూ వెనక మడ్‌గార్డు దాకా పోతుంది. ఆ మోడల్ అమ్మకానికొచ్చిన కొద్ది నెలలకే అమెరికా యుద్ధంలో దిగింది. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో ప్రైవేటు కార్ల తయారీ ఆగిపోయింది. బ్యూక్ ఫ్యాక్టరీలు విమానాల ఇంజిన్లు, ట్యాంకులను వేటాడే హెల్‌క్యాట్ బండ్లు చేశాయి. యుద్ధం ముగిశాక మూలన పెట్టిన ఆ 1942 అచ్చులనే దులిపి, బానెట్ మీద బాంబర్ విమానం గురి చూసే కట్టు లాంటి బొమ్మ తగిలించి, 1946, 1947, 1948 మోడళ్లు దించారు. అమెరికాలో నాలుగేళ్లుగా కొత్త కారు చూడని జనం ఎగబడ్డారు. 1947లో ఒక్క సూపర్ కన్వర్టిబులే 28 వేలకు పైగా అమ్ముడైంది.

ఆ కారుకు నన్ను కట్టిపడేసే చిన్న ఏర్పాటు ఒకటుంది. దానికి సెల్ఫ్ బటన్ లేదు. తాళం తిప్పి, యాక్సిలరేటర్ పెడల్‌ను కాలితో కిందిదాకా తొక్కాలి. కార్బ్యురేటర్ పక్కనున్న చిన్న స్విచ్చు కలుసుకుని స్టార్టర్ తిరుగుతుంది. ఇంజిన్ అందుకోగానే అది పీల్చే గాలి ఒత్తిడికి ఆ స్విచ్చు దానంతట అదే విడిపోతుంది. నడుస్తున్న బండిలో ఎంత తొక్కినా మళ్లీ స్టార్టర్ తగలదు. 6 వోల్టుల కరెంటు మీద, ఏ ఎలక్ట్రానిక్ పరికరం లేకుండా, ఒక బంతి గుండు, ఒక స్ప్రింగు, ఇంజిన్ శ్వాస కలిసి చేసే పని అది. మన దగ్గర చాలా బండ్లలో ఈ ఏర్పాటు పీకేసి డ్యాష్‌బోర్డుకు ట్రాక్టరు సెల్ఫ్ బటన్ బిగించి ఉంటుంది. పీకిన ముక్క షెడ్డులో ఏ డబ్బాలోనో పడి ఉంటే దాన్ని పారేయొద్దు. అదీ కారులో భాగమే.

హుడ్డు కథ కూడా అంతే. సూపర్ కన్వర్టిబుల్‌లో హుడ్డు, కిటికీ అద్దాలు, ముందు సీటు నూనె ఒత్తిడితో కదులుతాయి. పంపు నడిపే మోటారు ఒకటే, సన్నటి గొట్టాలు బండి అంతా పాకి ఉంటాయి. అందులో పోసింది బ్రేక్ ఆయిల్. గొట్టం చిట్లితే అది తలుపు లోపల కారి, తగిలిన ప్రతి చోటా రంగును పొక్కులు పొక్కులుగా లేపేస్తుంది. డెబ్బై ఏళ్లు దాటిన బండిలో తలుపు అడుగు అంచు తుప్పు పట్టి ఉంటే వాన నీళ్లనే అనుమానించకండి, ఆ గొట్టాలు కూడా చూడండి.

సూపర్ 1958 దాకా నడిచింది. 1949లో మడ్‌గార్డు మీద గుండ్రటి రంధ్రాలు వచ్చాయి. సూపర్‌కు మూడు, రోడ్‌మాస్టర్‌కు నాలుగు. ఆ రంధ్రాలు లెక్కపెట్టి బండి స్థాయి చెప్పేవాళ్లు అప్పట్లో. 1953లో వీ8 ఇంజిన్ వచ్చి వరస ఎనిమిదిని సాగనంపింది. 1959 మోడళ్లతో ఆ పేర్లన్నీ పోయి లెసేబర్, ఇన్‌విక్టా, ఎలెక్ట్రా వచ్చాయి.

మూడేళ్ల తలుపు

28 వేలు అమ్ముడైన కారు మన దగ్గర ఎందుకింత అరుదు? దీనికి జవాబు అమెరికాలో దొరకదు, మన చరిత్రలో ఉంది. యుద్ధమంతా పెట్రోలు రేషను. 1945 చివర అమెరికా ఫ్యాక్టరీలు తిరిగి తెరుచుకున్నాయి. 1949లో పూర్తిగా తయారైన కార్ల దిగుమతిని భారత ప్రభుత్వం ఆపేసింది. బొంబాయి సెవ్రీలో 1928 నుంచి కార్లు బిగిస్తున్న జనరల్ మోటార్స్, మూడు దశాబ్దాలుగా ఇక్కడున్న ఫోర్డ్ రెండూ 1954కల్లా మూటాముల్లె సర్దుకున్నాయి. ఇక్కడే తయారు చేసే ప్రణాళిక లేనివాళ్లకు చోటు లేదని టారిఫ్ కమిషన్ 1953లో తేల్చింది మరి. అంటే యుద్ధానంతరపు బ్యూక్ మన గడప తొక్కడానికి తలుపు తెరిచి ఉన్నది మూడేళ్లు, మహా అయితే నాలుగు.

హైదరాబాద్ సంస్థానంలో ఆ మూడేళ్లూ ఇంకా ఇరుకు. 1947లో ఈ కారు అమెరికాలో సుమారు 2,300 డాలర్లు. ఓడ కిరాయి, సుంకాలు కలపకముందే ఏడున్నర వేల ఆంగ్ల రూపాయలు. నూరు ఆంగ్ల రూపాయలకు 116 పైచిలుకు హాలీ సిక్కా, అంటే నిజాం రూపాయలు, మారకం కాబట్టి మన లెక్కలో దాదాపు తొమ్మిది వేలు. అంత పోసి కారు తెచ్చుకున్నవాళ్లకు 1948లో సంస్థానం మీద భారత ప్రభుత్వం పెట్టిన ఆర్థిక దిగ్బంధంతో పెట్రోలు కరవైంది. ఆ సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసింది. మరుసటేడు ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. బండి రాకకూ, దానికి పెట్రోలు పోసిన జాగీరు పోకకూ మధ్య రెండేళ్లే. 1973లో ప్రపంచమంతా చమురు ధరలు మండిపోయాక ఎనిమిది సిలిండర్లకు తాగించే స్తోమత మిగిలినవాళ్లకూ పోయింది. షెడ్డు తలుపులు అప్పుడు మూసుకున్నాయి.

ఈ కాలక్రమం తెలిస్తే అమ్మేవాళ్లకు రెండు విషయాలు తేటతెల్లమవుతాయి. ప్రపంచంలో ఇది ఒక్కటే ఉందని చెప్పుకోవద్దు. కొనేవాడు నవ్వుతాడు, మిగతా మాటలూ నమ్మడు. అయితే ఈ నేల మీదికి ఆ రోజుల్లో వచ్చి, ఇక్కడి చరిత్ర అంతా చూసి, ఇక్కడే నిలిచిన బండి అని చెప్పండి. దానికి కాగితం చూపించండి. అది నిజం, అదే దాని విలువ. అమెరికాలో ఎక్కువ అమ్ముడు పోవడం మనకు మేలే చేసింది. రబ్బరు సీళ్లు, గాస్కెట్లు, బ్రేక్ సామాను ఇప్పటికీ అక్కడ కొత్తగా చేసి అమ్ముతున్నారు.

అరుదన్న మాటకు ఎంత బలముందో, ఎంత మోసముందో చెప్పే ఉదంతం అమెరికాలోనే ఉంది. అక్కడ 1965లో ఓపెన్ టాప్ కార్లు ఐదు లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. ఏసీ వచ్చింది, హైవేల మీద వేగం పెరిగింది, బోల్తా పడితే తల మీద కప్పు ఉండాలన్న చర్చ మొదలైంది. పదేళ్లలో కంపెనీలన్నీ వాటిని మానేశాయి. 1976లో క్యాడిలాక్ ఎల్డొరాడో ఆఖరి అమెరికన్ కన్వర్టిబుల్ అని ప్రచారమైంది. ఆ ఏడాది 14 వేలు చేశారు. చివరి 200 తెల్ల రంగువి. వాటిని రెట్టింపు ధరకు కొని షెడ్డులో దాచినవాళ్లు ఎందరో. 1982లో క్రైస్లర్ మళ్లీ కన్వర్టిబుల్ దించింది. 1984 మోడల్‌తో క్యాడిలాక్ తనే ఎల్డొరాడో కన్వర్టిబుల్‌ను తిరిగి తెచ్చింది. దాచుకున్నవాళ్లు మోసపోయామని కోర్టుకెక్కారు. కంపెనీ ప్రకటన చూసి కొన్న అరుదుతనం అట్లాగే కరుగుతుంది.

తెలుగువాళ్లలో అమెరికన్ కారు అనగానే నోటికొచ్చే పేరు ఇంపాలా. 1958లో పుట్టి, 1965లో ఒక్క ఏడాదే పది లక్షలకు పైగా అమ్ముడైన షెవర్లే అది. దిగుమతులు మూసుకున్నాక రాయబార కార్యాలయాల వాళ్లు వాడి వదిలేసిన కార్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ అమ్మేది. సినిమావాళ్ల ఇళ్లకు ఇంపాలాలు చేరిన దారుల్లో అదొకటి. మీ షెడ్డులోది అట్లాంటిదైతే ఆ కొనుగోలు కాగితం వెతకండి. ఆర్‌సీ కంటే అది ఎక్కువ మాట్లాడుతుంది. అటువంటి బండికి స్టీరింగ్ ఎడమ పక్క ఉండే వీలు ఎక్కువ. మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ ప్రకారం పనిచేసే సిగ్నల్ ఏర్పాటు ఉంటేనే దాన్ని రోడ్డెక్కించాలి.

అమ్మేముందు

మొట్టమొదట నీళ్ల పైపుతో కడగొద్దు. కిరోసిన్‌లో ముంచిన మెత్తటి బ్రష్షుతో బానెట్ కింద, అద్దం ముందరి రేకు గోడ మీదున్న పలకలు తుడవండి. బ్యూక్‌కు బాడీ కట్టింది ఫిషర్ కంపెనీ. ఆ చిన్న రేకు మీద స్టైల్ నంబరు 47తో మొదలైతే అది 1947 మోడల్. ఇంజిన్ నంబరు దిమ్మ మీదే కొట్టి ఉంటుంది. రెండూ ఫొటో తీసుకుని ఆర్‌సీతో పోల్చండి. ఇంజిన్ తీసేసి లారీ డీజిల్ ఇంజిన్ వేసిన బండ్లు మన దగ్గర ఉన్నాయి. అట్లా జరిగితే దాచొద్దు, ముందే చెప్పండి.

ఇంకో మోసం ఓపెన్ టాప్ కార్లకే ప్రత్యేకం. మామూలు సెడాన్ కప్పు కోసి కన్వర్టిబుల్ అని అమ్మడం. అసలైనదానికి కప్పు లేని లోటు తీర్చడానికి షాసీలో అడ్డంగా బలమైన బిగింపు ఫ్యాక్టరీలోనే పెడతారు. కప్పు కోసిన బండి నడుము కుంగి, తలుపు తెరిస్తే తిరిగి సరిగ్గా పడదు. అద్దం చుట్టూ ఉండే ఫ్రేము కోసిన మచ్చలూ దొరుకుతాయి. కొనేవాడు ముందు తలుపు వేసి చూసేది అందుకే.

రంగు వేయించి అమ్మితే ఎక్కువ వస్తుందన్న సలహా మన మెకానిక్కులు ప్రేమతోనే ఇస్తారు. దాన్ని మాత్రం వినొద్దని చేతులు జోడించి చెబుతున్నాను. చౌక లప్పం కింద తుప్పు దాగుతుంది, పాత అసలు రంగు శాశ్వతంగా పోతుంది. తెలిసిన కొనుగోలుదారు మాసిపోయిన అసలు రంగుకు ఇచ్చే విలువ కొత్త మెరుపుకు ఇవ్వడు. మీరు చేయాల్సిందల్లా ఎలుకల గూళ్లు తీయడం, ఊడిన ప్రతి బోల్టునూ, చక్రం మూతనూ, విరిగిన లైటు అద్దాన్నీ ఒక పెట్టెలో పెట్టడం.

చట్టం కూడా ఇదే మాట చెబుతోంది. 2021 జులైలో కేంద్రం పాతకాలపు వాహనాలకు వేరుగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, షాసీ, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న కార్లు, మోటార్ సైకిళ్లు వింటేజ్ కింద నమోదవుతాయి. కొత్త నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని ఉంటుంది. రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. మళ్లీ నమోదుకు 5,000. ఇప్పటికే పాత రిజిస్ట్రేషన్ బతికి ఉంటే ఆ నంబరునే ఉంచుకోవచ్చు, ఉంచుకోండి. తాత నాటి నంబరు పలక బండి చరిత్రలో సగం. వింటేజ్ కింద నమోదైన బండిని రోజువారీ తిరగడానికి, కిరాయికి వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తీసుకుపోవచ్చు.

ఎక్కువ బేరాలు ఆగేది కారు దగ్గర కాదు, కాగితం దగ్గర. ఆర్‌సీ తాత పేరు మీదే ఉంటుంది, తాత పోయి ముప్పై ఏళ్లు. ముందు మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారంతో ఫారం 31 పెట్టి ఒకరి పేరు మీదికి మార్చుకోవాలి. ఆ తర్వాతే కొనేవాడికి 29, 30 ఫారాలు. దుబాయ్‌లో, డాలస్‌లో ఉన్న అన్నదమ్ముల సంతకాలు పండుగకు వచ్చినప్పుడే తీసుకోండి. నిజాం కాలం కాగితం ఉర్దూలో ఉంటే చదవగలిగిన పెద్దవాళ్ల చేత చదివించి తెలుగులో రాయించి జతచేయండి. పెళ్లి ఫొటోలో కారు కనిపిస్తే దాని నకలు, పాత పెట్రోలు బిల్లు, డ్రైవర్ జీతం రాసిన చిట్టా పుస్తకం ఏదున్నా సరే, అదీ బండితో పాటే పోవాలి. విదేశాల్లో ఎక్కువిస్తారని ఎవరైనా ఆశ పెడితే జాగ్రత్త. 1950కి ముందు తయారైన కార్ల ఎగుమతికి మన దేశంలో ఆంక్షలున్నాయి. ఒకప్పుడు మన సంస్థానాల కార్లను విదేశీయులు కారుచౌకగా ఏరుకుపోవడం చూశాకే ఆ పగ్గాలు పడ్డాయి.

చెరకు ప్రాంతం వాళ్లం కాబట్టి ఇంకో మాట. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ నుంచి ఆల్కహాలు తీసేది. 2015లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు ఆల్కహాలు మాత్రం ఇప్పుడు దేశంలోని ప్రతి బంకులోకీ వచ్చేసింది. ఇవాళ మనం పోయించుకునే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలే. కొత్త బండ్లు దానికి తగ్గట్టు తయారయ్యాయి. 1947 బ్యూక్ అట్లా తయారవలేదు. దాని పెట్రోలు పంపులో రబ్బరు పొర ఉంటుంది, కార్బ్యురేటర్‌లో పాతకాలపు గాస్కెట్లు ఉంటాయి. ఇథనాల్ వాటిని మెత్తబరిచి చీలుస్తుంది, గాలిలో తేమ లాగి ట్యాంకు అడుగున నీరు చేరుస్తుంది. కొనేవాడికి నడిపి చూపాలన్న ఆత్రంతో పదేళ్లు ఆగిన ట్యాంకులో కొత్త పెట్రోలు పోసి తాళం తిప్పొద్దు. ట్యాంకు దించి కడిగించాలి, ఇథనాల్ తట్టుకునే గొట్టాలు, పంపు పొర వేయించాలి, స్పార్క్ ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కాస్త నూనె వదిలి చేత్తో ఇంజిన్ తిప్పి చూడాలి. చీలిన పంపు నుంచి కారిన పెట్రోలు వేడి ఇంజిన్ మీద పడితే అంటుకునేది కారొక్కటే కాదు, షెడ్డు కూడా.

చివరకు ఇద్దరు ముగ్గురు వస్తారు. ఒకరు ఫంక్షన్ హాలు ముందు పూలు పెట్టి నిలబెట్టడానికి అడుగుతారు. ఒకరు విడదీసి సామాను అమ్ముకోవడానికి అడుగుతారు, ఆ మాట పైకి అనరు. చక్రాలు, రేడియో, బానెట్ మీది బొమ్మ గురించే గుచ్చి గుచ్చి అడిగితే అతను ఎవరో తెలిసిపోతుంది. ఇంకొకరు చొక్కా చేతులు మడిచి బండి కింద దూరతారు, పలకలు చదువుతారు, తాత ఎప్పుడు ఎక్కడ కొన్నారని అడిగి చెప్పింది రాసుకుంటారు, ఆ పెడల్ స్విచ్చు డబ్బాలో ఉందా అని వెతుకుతారు. బాగు చేసి జనవరి, ఫిబ్రవరి నెలల్లో ర్యాలీలో నడుపుతామంటారు. ఆయన చెప్పిన ధర మిగతా ఇద్దరికంటే కొంచెం తక్కువున్నా ఆయనకే ఇవ్వండి. పెట్టె కూడా ఇవ్వండి. బండిని తాడు కట్టి లాగనివ్వకుండా పలక లారీ మీదికి ఎక్కించి, నాలుగు చక్రాలూ బిగించాకే 44 మీదికి పంపండి.